వేడెక్కని కోటమ్మ

డిసెంబరు 6, 1981, ఆదివారం. పార్సిప్పనీ.

కోటమ్మ ఇవాళ కూడా వేడెక్కలేదు. ఆసుపత్రికి పన్నెండు మైళ్ళు. పన్నెండు మైళ్ళూ హీటర్ నా కాళ్ళమీద మంచుగాలి ఊదుతూనే ఉంది. డ్యాష్‌బోర్డులో టెంపరేచర్ ముల్లు చల్లటి చివర పడుకుని లేవనంది. ప్రతి సిగ్నల్ దగ్గరా దగ్గింది, వణికింది, రెండుసార్లు ఆగిపోయింది. వెనక ట్రక్కువాడు హారన్ మీంచి చెయ్యి తియ్యలేదు.

కారుకి తన అక్క పేరు పెట్టానని నాన్నకి తెలిస్తే నా వీపు చిట్లగొడతాడు. ఏం చెయ్యను? కోటమ్మత్త కాకినాడలో మే నెల మధ్యాహ్నం కూడా కుంపటి పక్కన కూచుని "చలేస్తోందే నళినీ" అనేది. ఈ పాత స్టేషన్ వ్యాగన్‌ది అచ్చం అదే గొంతు.

వింత ఏమిటంటే, జూలైలో ఇదే బండి నిప్పులు కక్కింది. నాన్న ఇండియా నుంచి మూడు నెలలకని వచ్చినప్పుడు పిట్స్‌బర్గ్ గుడికి బయల్దేరాం. అయిదుగురు మనుషులం, రెండు గిన్నెల పులిహోర. కొండ ఎక్కుతుంటే బానెట్ లోంచి ఆవిరి బుస్సున లేచింది. ముప్ఫై ఏళ్ళు బస్సు డిపోలో మెకానిక్కుగా చేసిన మనిషికి అంతకంటే పండగ ఏముంటుంది? ఇంటికి చేరిన మర్నాడు, నేను డ్యూటీకి వెళ్ళొచ్చేలోపు, ఏదో చేసి బుజ్జగించేశాడు. మళ్ళీ ఒక్కసారి కూడా కాగలేదు. ఇప్పుడేమో కాగమన్నా కాగడం లేదు.

రోజంతా ఆపరేషన్ థియేటర్లో మత్తిచ్చి పడుకోబెట్టినవాళ్ళ టెంపరేచర్ చూస్తూ కూచునే రెసిడెంట్ డాక్టర్ని. నా కారు టెంపరేచర్ నాకు అంతుపట్టడం లేదు. సిగ్గుచేటు.

డిసెంబరు 8

నాన్నకి ఉత్తరం రాశాను. జబ్బు లక్షణాలన్నీ వరసగా రాశాను. కారు పేరు రాయలేదు.

డిసెంబరు 10

మేడమీద వాటాలో ఉండే వసుమతి అక్కయ్య నా ముక్కు చూసి భయపడింది. "ఏమ్మాయ్, కారులోనే వస్తున్నావా, రిఫ్రిజిరేటర్లో కూచుని వస్తున్నావా?" అంది. వాళ్ళాయన ఆఫీసులో రవికుమార్ అని వరంగల్ ఆయన ఉన్నాట్ట. పెద్ద పెద్ద భవనాల బాయిలర్లు చూసే ఇంజనీరట. "బాయిలరుకీ కారుకీ తేడా ఏముంది, రెండూ వేడెక్కేవేగా. ఆదివారం పంపిస్తాలే" అంది.

పెళ్ళికాని మనిషి అని మూడుసార్లు చెప్పింది. నేను అడిగింది కారు గురించి.

డిసెంబరు 13, ఆదివారం

వచ్చారు. పొడుగ్గా ఉన్నారు. మెడకి పసుపు మఫ్లర్. బానెట్ ఎత్తారు, ఇంజను స్టార్ట్ చేయించారు, ఆపమన్నారు, పైపులు పట్టుకు చూశారు. నాకు నచ్చిన సంగతేమిటంటే ముందు కేసు హిస్టరీ అడిగారు. ఎప్పటినుంచి? ఎన్ని మైళ్ళకి? ముల్లు కొంచెం కూడా కదలదా? మా ఆసుపత్రిలో పెద్ద డాక్టర్లకే అంత ఓపిక లేదు.

నేను ఉప్మా చెయ్యడానికి లోపలికి వచ్చాను. గంట తర్వాత ఆయన వచ్చేసరికి చేతులు అల్లనేరేడు పళ్ళలా ఉన్నాయి. కడుక్కుని కూచున్నారు. ఉప్మా రెండుసార్లు వడ్డించుకున్నారు. ఆ తర్వాత నా దేవుడి అర ముందు నిలబడిపోయారు. అక్కడ వెంకటేశ్వరస్వామి పటం, అమ్మ ఇచ్చిన కుంకుమభరిణ, నాన్న వెళ్ళేముందు పెట్టి వెళ్ళిన ఇత్తడి అగరొత్తుల స్టాండు తప్ప ఇంకేమీ లేవు. అయినా రెండు నిమిషాలు చూశారు. భక్తి ఉన్న మనిషి.

"గీ స్టాండు యాడ దొరికింది డాక్టర్ గారూ?" అన్నారు.

"నాన్నగారు ఇండియా నుంచి తెచ్చి ఉంటారండీ" అన్నాను.

ఎందుకో నవ్వాపుకున్నట్టు కనిపించింది. షాపు దాకా పోయొస్తానని వెళ్ళారు. చిన్న కాగితం సంచీతో తిరిగొచ్చి, బానెట్ కింద ఇంకో అరగంట ఏదో బిగించారు. వెళ్ళేటప్పుడు, "ఇది ఒక్క ఆదివారంతోని అయ్యేది కాదు డాక్టర్ గారూ. టైమ్ పడ్తది" అన్నారు.

ఫరవాలేదన్నాను. నా ఆసక్తంతా రోగనిర్ణయం మీదే.

డిసెంబరు 20, ఆదివారం

ఇవాళ చికిత్స: అప్పడాల అట్టపెట్టె కోసి రేడియేటర్ ముందు కట్టారు. చల్లగాలి తగలకుండా దుప్పటి కప్పినట్టన్నమాట. కోటమ్మకి దుప్పటి! నవ్వీ నవ్వీ కళ్ళలో నీళ్ళొచ్చాయి. ఎందుకు నవ్వుతున్నానో చెప్పాల్సి వచ్చి, పేరు సంగతి చెప్పేశాను. ఆయన బానెట్ మీద మెల్లిగా తట్టి, "ఏం కోటమ్మా, మంచిగున్నవా?" అన్నారు.

కొంచెం గుణం కనిపించింది. ముల్లు ఒక వెంట్రుకవాసి లేచింది. ఆయన డిక్కీలో ఒక పార, ఒక కంబళి, ఒక టార్చిలైటు పెట్టి వెళ్ళారు. బ్యాటరీ కొత్తది వేయించారు. దారిలో ఆగిపోతే దిగి నడవొద్దని, తనకి ఫోన్ చెయ్యమని నంబరు రెండుచోట్ల రాసిచ్చారు.

రెండుచోట్ల ఎందుకో.

డిసెంబరు 27, ఆదివారం

హీటర్ పైపులు విప్పి, ఊది, మళ్ళీ బిగించారు. పెసరట్లు వేశాను. మార్పు లేదు. కారులో.

జనవరి 3, 1982, ఆదివారం

ఇవాళ చోక్. చలికి గాలి తగ్గించి పెట్రోలు ఎక్కువ పంపే రేకుట. దాన్ని తుడిచారు. ఒక రేకు తుడవడానికి మూడు గంటలు పట్టింది. మధ్యలో వరంగల్ కాలేజీ హాస్టల్ కబుర్లు, వాళ్ళమ్మ చేసే సకినాలు, మంచు మొదటిసారి చూసినప్పుడు జేబులో వేసుకున్న సంగతి. నేను పక్కన నిలబడి టార్చి పట్టుకున్నాను. పట్టపగలు.

పనిలో నెమ్మది చాలా మంచి గుణం. తొందరపడే సర్జన్లంటే నాకు మొదట్నుంచీ భయం.

జనవరి 10, ఆదివారం

పసుపు రంగు అందరికీ నప్పదు.

జనవరి 17, ఆదివారం

సున్నాకి కింద. రేడియోలో మనిషి కూడా వణుకుతున్నట్టు మాట్లాడాడు. నాకు డ్యూటీ. ఏడింటికి తాళం తిప్పితే కోటమ్మ ఒక్క మూలుగు మూలిగి కళ్ళు మూసేసింది. ఇంట్లోకి వచ్చి ఫోన్ చెయ్యాలా వద్దా అని ఆలోచిస్తుండగానే బయట హారన్ మోగింది. "ఈ చలికి ఇయ్యాల అది లెవ్వదని నాకు తెల్సు, అందుకే వచ్చిన" అన్నారు.

ఆయన కారులో ఎంత వెచ్చగా ఉందో! కోటు విప్పాను. స్వెట్టర్ విప్పాను. పన్నెండు మైళ్ళు ఇంత తక్కువని తెలీదు. ఒక్కటే అనిపించింది, ఈయన కారు ఇంత చక్కగా వేడెక్కుతుంటే, నా కారు దగ్గరికి వచ్చేసరికి అయిదువారాలుగా ఒక్క రోగమూ ఎందుకు పట్టుకోలేకపోతున్నారు? ఇంజనీరేనా అసలు?

పట్టుకోకపోయినా ఫరవాలేదు. సంతోషంగా ఉంది. ఎందుకో రాయను.

జనవరి 23, శనివారం

నాన్న ఉత్తరం. మొత్తం ఎత్తి రాసుకుంటాను, లేకపోతే నేనే నమ్మను.

"చి. నళినికి నాన్న ఆశీర్వదించి వ్రాయునది. ఇక్కడ అందరం క్షేమం. నీ బండి సంగతి చదివి నవ్వుకున్నాను. దానికి జబ్బేమీ లేదు. జూలైలో నేనే థెర్మోస్టాట్ వాల్వు పీకేశాను. ఇంజను వేడెక్కేదాకా నీళ్ళు రేడియేటర్లోకి పోకుండా ఆపే ముక్క అది. మన ఎండలకి అది ఉంటే అడ్డం, మా డిపోలో ఏ బండికీ ఉంచేవాళ్ళం కాదు. అక్కడ చలికాలం ఒకటి వస్తుందని నాకు తోచలేదు. నీకు చెబితే కంగారుపడతావని చెప్పలేదు. మూత కింద నీళ్ళు కారకుండా వేసే గ్యాస్కెట్టు సరైనది దొరక్క మీ కార్న్‌ఫ్లేక్స్ డబ్బా అట్ట కత్తిరించి వేసి మూత బిగించాను. దానిమీద కోడిపుంజు బొమ్మ తోక ఉన్న వైపు. వాల్వు పారేయలేదు. మంచి ఇత్తడి. అగరొత్తులకి బాగుంటుందని దేవుడి దగ్గర పెట్టాను. తీసి మళ్ళీ పెట్టించుకో, రెండు బోల్టులు, అరగంట పని. బొమ్మ గీశాను చూడు."

దేవుడి అర దగ్గరికి పరిగెత్తాను. స్ప్రింగు సందులో గుచ్చిన అగరొత్తి ఇంకా సగం కాలుతోంది.

ఇన్నాళ్ళుగా నా కారు గుండెకాయకి పొద్దున్నే ధూపం వేసి, స్వామీ కారు బాగుచెయ్యి అని దణ్ణం పెట్టుకుంటున్నాను.

ఫోన్ తీశాను. ఆయన నంబరు సగం తిప్పాను. అరగంట పని. రేపు వస్తారు, పెడతారు, అయిపోతుంది. ఆ పై ఆదివారం?

ఫోన్ పెట్టేశాను.

జనవరి 24, ఆదివారం

చెప్పలేదు. కారణం పూర్తిగా వైద్యపరమైనది. నాన్న రోగిని చూడకుండా వేలమైళ్ళ దూరం నుంచి చెప్పిన మాట మీద ఆపరేషన్ చేసేస్తామా? ఇంకొంత పరిశీలన అవసరం.

స్టాండుని పటం వెనక దాచాను. కాఫీకి లోపలికొచ్చి కూచోకముందే ఆయన, "డాక్టర్ గారూ, అగర్‌బత్తి స్టాండు ఏది?" అన్నారు.

కాఫీలో పంచదార రెండోసారి వేశాను. "తోమడానికి తీశానండీ."

"ఓహో, తోమనీకి" అని అటు తిరిగారు. భుజాలు కదిలాయి. దగ్గేమో.

జనవరి 26

రసం గిన్నెలో నీళ్ళు మరగబెట్టి, వాల్వుకి దారం కట్టి వేలాడదీశాను. వేడి తగలగానే నోరు తెరిచింది. చన్నీళ్ళలో పెడితే మూసింది. నాలుగుసార్లు చేశాను. పూర్తి ఆరోగ్యంగా ఉంది. నాకే ఒంట్లో బాగోలేదు. ఆకలి లేదు, పాటలు వస్తున్నాయి.

జనవరి 31, ఆదివారం

టెక్సాస్. వాళ్ళ కంపెనీ ఆయన్ని టెక్సాస్ వెళ్ళమంటోందట. ఫిబ్రవరి నెలాఖరుకి. అట్లకాడ నా చేతిలో ఉండగా చెప్పారు. అట్టు మాడింది.

"అక్కడ చలి ఉండదటగా, మంచిదేగా" అన్నాను.

"మంచిదే" అన్నారు.

ఇవాళ స్పార్క్ ప్లగ్గులు ఎనిమిదీ విప్పి తుడిచి, మళ్ళీ ఎనిమిదీ అవే పెట్టారు. ఇంకా నాలుగు ఆదివారాలు.

ఫిబ్రవరి 7, ఆదివారం

ఇంకా మూడు.

వసుమతి అక్కయ్య మెట్లమీద పట్టుకుంది. "ఏమ్మాయ్, బాయిలర్లు గంటలో బాగుచేసే మనిషికి నీ కారు రెండు నెలలైనా లొంగలేదా?"

"చాలా క్లిష్టమైన కేసు అక్కయ్యా."

"ఎవరిది?" అంది.

ఫిబ్రవరి 14, ఆదివారం

ఇవాళ ఇక్కడివాళ్ళకి ప్రేమ పండగ. ఆసుపత్రి గోడలనిండా ఎర్ర అట్ట గుండెకాయలు. ఒక్కదానికీ రక్తనాళాలు సరైన చోట లేవు. రవి కార్‌బరేటర్ వైపు చూశాడు. నేను రవి వైపు చూశాను.

రవికుమార్ గారు అని రాయాలి.

రాసేస్తాను, ఎవరు చూడొచ్చారు. నాకు రవి అంటే ఇష్టం. చాలా ఇష్టం. ఆయన వెళ్ళిపోతే ఈ కారుని అమ్మేస్తాను, చూడలేను. చెప్పాలంటే భయం. నేను ఉత్తరం దాచి మూడువారాలుగా మంచులో నిలబెట్టి ఉత్తుత్తి పని చేయిస్తున్నానని తెలిస్తే ఏమనుకుంటాడు? చేతులు కమిలిపోయాయి పాపం. నేను అబద్ధాలకోరుని. రాక్షసిని. వచ్చే ఆదివారం గారెలు చెయ్యాలి.

ఫిబ్రవరి 18

పొద్దున్న ఎడంవైపుకి తిరుగుతుంటే నడిరోడ్డు మీద కోటమ్మ ఆగిపోయింది. ఎదురుగా స్కూలు బస్సు. వాడు బ్రేకు వేశాడు కాబట్టి ఈ వాక్యం రాస్తున్నాను. చాలు. బుద్ధొచ్చింది. ప్రేమకోసం మనుషుల్ని గుద్దకూడదు. శనివారం నేనే పెట్టేస్తాను. ఆదివారం బండి బాగైందని చెప్పి, ఉత్తరం చూపించి, క్షమించమని అడుగుతాను. తర్వాత ఆయన ఇష్టం.

ఫిబ్రవరి 20, శనివారం

ఎండ వచ్చింది. మంచు కరిగి చూరునుంచి కారుతోంది. వసుమతి అక్కయ్య వాళ్ళ పానాలు అడిగి తెచ్చుకున్నాను. నాన్న గీసిన బొమ్మ అద్దానికి అంటించాను. ఆసుపత్రి చేతితొడుగులు వేసుకున్నాను. రేడియేటర్లోంచి కొంచెం నీళ్ళు బట్టల బకెట్లోకి దింపాను. రెండు బోల్టులు. సులువుగానే తిరిగాయి. నాన్న బిగిస్తే అంత సులువుగా తిరగవే అనుకున్నాను కూడా.

మూత ఎత్తాను. వాల్వు ఉండాల్సిన చోట ఖాళీ. నాన్న చెప్పినట్టే. కార్న్‌ఫ్లేక్స్ అట్ట కోసం చూశాను.

కోడి లేదు.

మూత తిరగేసి చూశాను. తోక లేదు, ఈక లేదు, అట్టే లేదు. దాని బదులు నీలంరంగు కాగితం గ్యాస్కెట్, షాపులో అమ్మేది, అంచులు చక్కగా, కొత్తది.

బకెట్ పక్కన కూలబడ్డాను. జూలైలో నాన్న వేసింది అట్ట. ఇప్పుడున్నది నీలం కాగితం. మధ్యలో ఈ మూత ఎవరో తీశారు. తీసినవాళ్ళకి లోపల ఖాళీ కనబడకుండా ఎలా ఉంటుంది? నాన్న తర్వాత ఈ కారు మీద చెయ్యి వేసిన మనిషి భూప్రపంచంలో ఒక్కడే. షాపుకి వెళ్ళి చిన్న కాగితం సంచీతో వచ్చింది ఎప్పుడు? డిసెంబరు పదమూడు! మొదటి రోజు! ఉప్మా తిన్న రోజు!

దేవుడి అర ముందు రెండు నిమిషాలు నిలబడింది భక్తితో కాదు!

అప్పడాల అట్టపెట్టె! హీటర్ పైపులు! మూడు గంటలు తుడిచిన రేకు! ఎనిమిది ప్లగ్గులు!

దొంగ. దొంగ. దొంగ. పార్కింగ్ లాట్‌లో ఒక్కదాన్నే చేతితొడుగులతో చప్పట్లు కొట్టుకుంటూ నవ్వాను. వసుమతి అక్కయ్య కిటికీ తీసి, "ఏమైందే?" అని అరిచింది. "వేడెక్కిందక్కయ్యా!" అన్నాను. అప్పటికింకా వాల్వు పెట్టనే లేదు.

ఫిబ్రవరి 21, ఆదివారం

రాసుకోవాలి, ఒక్క మాట కూడా పోకూడదు.

పదింటికి వచ్చాడు. పసుపు మఫ్లర్, పనిముట్ల పెట్టె. నేను అప్పటికే స్టీరింగ్ ముందు ఉన్నాను. ఇంజను నడుస్తోంది. "ఎక్కండి, ఒక చిన్న టెస్టు డ్రైవ్" అన్నాను. ఎక్కాడు. అయిదు నిమిషాలకి ముల్లు లేచింది. మెల్లిగా, కోటమ్మత్త కుంపటి దగ్గర్నుంచి లేచినట్టు. మధ్యకి వచ్చి నిలబడింది. హీటర్ నుంచి వేడిగాలి భుగభుగమని కొట్టింది. కొంచెం అగరొత్తుల వాసన వచ్చినట్టు నాకనిపించింది, అది నా భ్రమ.

రవి ముల్లు వైపే చూస్తున్నాడు. మఫ్లర్ తీశాడు. టోపీ తీశాడు. కోటు గుండీలు విప్పాడు. చెవులు మాత్రం ఎర్రగా ఉన్నాయి.

షాపింగ్ సెంటర్ దగ్గర పక్కకి ఆపి, "కోడి ఏదండీ?" అన్నాను.

పర్సు తీశాడు. డ్రైవింగ్ లైసెన్సు వెనకనుంచి, మధ్యకి మడిచిన అట్టముక్క ఒకటి బయటికి లాగాడు. గుండ్రంగా కత్తిరించింది. నూనె మరకలు. ఒక పక్క ఆకుపచ్చ తోక.

"మొదటి రోజు షాపుకి వాల్వు కొందామనే పోయిన," అన్నాడు. "కౌంటర్ కాడ నిలబడ్డ. ఇది పెడితే ఇంక నాకు పనేమున్నదిక్కడ అనిపించింది. ఉత్త గ్యాస్కెట్ ఇయ్యుమన్న. తప్పే. మస్తు తప్పు చేసిన. మీరు ఆగిపోతరేమో అని రోజూ భయమే. బుధవారం పొద్దుగాల మీ వెనకాల ఆసుపత్రి దాకా వచ్చిన, ఎన్నోసార్లు వచ్చిన."

"గురువారం రావాల్సింది. స్కూలు బస్సు కింద పడబోయాను."

మొహం తెల్లబోయింది. "ఇప్పుడే తిట్టుండ్రి. పూర్తిగా తిట్టుండ్రి" అన్నాడు.

తిట్టాను. నిజంగానే ఒళ్ళు మండింది, అయిదు నిమిషాలు తిట్టాను. ఆ తర్వాత నా హ్యాండ్‌బ్యాగులోంచి నాన్న ఉత్తరం తీసి చేతిలో పెట్టాను. పైన పోస్టాఫీసు ముద్ర, కింద నేను వేసుకున్న తేదీ. చదివాడు. తేదీ చూశాడు. వేళ్ళమీద లెక్కపెట్టాడు.

"నెల సంది మీకు తెల్సా?"

"తెలుసు."

"మరి ఎనిమిది ప్లగ్గులు నాతోని విప్పించిన్రు కదా!"

"మీరు విప్పారు. నేను టార్చి పట్టుకున్నాను."

అంతే. ఇద్దరికీ నవ్వాగలేదు. కోటమ్మ మొత్తం ఊగింది. పక్క కారులో ముసలావిడ అద్దం దించి, అంతా బాగానే ఉందా అని అడిగింది. చాలా బాగుందని చెప్పాను, చెబుతుంటే ఏడుపొచ్చింది.

టెక్సాస్ సంగతి నేను అడగలేదు. తనే చెప్పాడు. "జూన్ దాకా పోనని ఆఫీసుల చెప్పిన. ఒక పని మిగిలింది అన్న. జూన్‌ల మీ రెసిడెన్సీ ట్రైనింగు అయిపోతది గదా? అక్కడ ఆసుపత్రులు మస్తున్నయి, నేను అడిగి తెల్సుకున్న. మీకు ఇష్టమైతేనే."

"అక్కడ ఎండలట. నాన్న చూస్తే వాల్వు మళ్ళీ పీకేస్తాడు" అన్నాను.

"పీకనియ్యుండ్రి. ఆయన చేతి చలువతోనే గదా ఇదంతా."

అవునని చెప్పాను. మళ్ళీ రాస్తాను, అవునని చెప్పాను.

ఫిబ్రవరి 22

"నాన్నా, వాల్వు నేనే పెట్టాను. బోల్టులు సరిగ్గా బిగించాను. బండి బాగా వేడెక్కుతోంది. నీ మీద నాకు కోపం ఏమీ లేదు, సరిగ్గా దానికి వ్యతిరేకం. రవికుమార్ గారని ఒకాయన నీకు విడిగా ఉత్తరం రాస్తారు. నువ్వు కత్తిరించిన అట్ట ఆయన దగ్గర ఉంది, తిరిగి ఇవ్వరట. కవరు నెమ్మదిగా కూచుని విప్పు. అమ్మని కూడా కూచోబెట్టు."

ఫిబ్రవరి 28, ఆదివారం

అగరొత్తి అరటిపండుకి గుచ్చాను. కోటమ్మ రెండు మైళ్ళలోపే వేడెక్కుతోంది. రవి పదింటికి వచ్చాడు. బాగుచెయ్యడానికి ఏమీ లేదు. చీకటిపడేదాకా ఉన్నాడు.